మన ఇండ్లలోని వీణలు - మెట్లు నిలుపు విద్య

(సంఘ భవనమున జరిగిన మాస సమావేశములో, కార్యవర్గ సభ్యులును కలప వర్తకులును అగు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమును గూర్చి ప్రసంగించుటకు నేను తగినవాడను కానని మీరందరును ఎరుగుదురు. నేను చదివినది మెట్రిక్యులేషను వరకు. చేయునది కలప వ్యాపారము. రాగమును గూర్చి నేను నోరు మెదపను. కాని కొయ్యను గూర్చియు, కొయ్యపై మెట్లు నిలుపు విధమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుటకు నాకును కొంత హక్కు కలదని తలచి, కార్యదర్శిగారి కోరికపై నిలుచుంటిని.

చెన్నపట్నమున తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో వీణ గల ఇండ్లు నేటికిని చాల కలవు. నాయనమ్మ వీణ యనియు, అమ్మమ్మ వీణ యనియు చెప్పుకొందురు. వానిలో మ్రోగునవి ఎన్ని, గోడవార నిలిచి ధూళి పట్టినవి ఎన్ని, పాత చీరలో చుట్టి అటకపైకి చేర్చబడినవి ఎన్ని అని ఎవరికి వారు మనస్సులో లెక్కించుకొనవచ్చును.

గత సంవత్సరము మనవారి కుటుంబమొకటి పాత యిల్లు విడిచి ఫ్లాటునకు మారుచుండెను. తలుపులకును, దూలములకును వెల కట్టుమని నన్ను పిలిచిరి. టేకు ద్వారబంధములకు వెల చెప్పితిని. కిటికీలకు చెప్పితిని. ఆ వరుసలోనే ఆ యింటి అబ్బాయి మూలనున్న వీణను చూపి, "ఇదీ పనసే గదా బాబాయిగారూ, దీనికెంత వస్తుంది?" అని యడిగెను. పిల్లవాడు చెడ్డవాడు కాడు, లెక్కప్రకారము అడిగినాడు. కొయ్య లెక్కన దానికి ఏమియు రాదని నేను చెప్పితిని. వీణలో కొయ్య యెక్కడిది? పెద్ద మ్రాను తెచ్చి లోపలి కొయ్యనంతయు తొలిచి పారవేయగా మిగిలిన పెంకే వీణ. దానిని గడియారపు తలుపువలె తూచి అమ్ముట ఎట్లు?

త్రిప్పి చూచితిని. మైనము క్రుంగి ఐదు మెట్లు ఊడియుండెను. రెండు బిరడలు లేవు. పై పలకకు నార వెంట సన్నని చీలిక యుండెను. కుండయు, దండియు చెక్కుచెదరలేదు, చెద పట్టలేదు. ఇంతకన్న అన్యాయముగా పాడైన కుర్చీలను మనము ప్రతి సంవత్సరము బాగుచేయించుకొనుచున్నాము. కుర్చీని బాగుచేయవచ్చునని అందరికిని తెలియును. వీణను బాగుచేయవచ్చునని ఇంటిలో ఎవరికిని తెలియదు. వ్యత్యాసమంతయు ఇంతే. నా ప్రసంగ విషయమును ఇదియే.

వీణను గూర్చి వాయించువారు తప్ప ఇతరులు అంతగా ఎరుగని సంగతి యొకటి కలదు. వడ్రంగి పని ముగిసినంత మాత్రమున వీణ పూర్తి కాదు. గిటారునకు మెట్లను కొయ్యలో గాడి కోసి దిగగొట్టుదురు. దిగగొట్టిన మెట్టు మరల కదలదు. వీణకట్లు కాదు. దండి యొక్క రెండంచుల వెంట రెండు మైనపు గట్లు కట్టి, వానిపై అడ్డముగా ఇత్తడి లేక కంచు మెట్లను నిలుపుదురు. ఆ మైనము తేనెమైనము, గుగ్గిలము, బొగ్గుపొడి కలిపి చేసినది. ఒక్కొక్క మెట్టును చెవితో విని, వెండ్రుకవాసి ముందునకో వెనుకకో జరిపి, స్వరము కుదిరిన చోట అదిమి పెట్టవలెను. ఈ పనిని మేళము కట్టుట యందురు. మైనము ఏండ్లు గడచిన కొలది ఎండి పగులును. తేనెమైనము 62 నుండి 64 డిగ్రీల యొద్ద కరగును గాని, అంతకు ఎంతో ముందుగనే మెత్తబడును. మే నెలలో మన ఊరి ఎండకు కిటికీ ప్రక్కన పెట్టిన వీణ మెట్లు వంకర పోవుట వింత కాదు. కావున కొన్ని యేండ్లకొకసారి పాత మైనము తీసివేసి మరల మేళము కట్టవలసినదే. ఇది వీణకు లోపమని కొందరందురు. నేనట్లు తలపను. కారణము ముందు చెప్పెదను.

ఈ మెట్ల సంగతిలో మన తెలుగువారి పాత్ర చిన్నది కాదు. విజయనగర సామ్రాజ్యములో అళియ రామరాయల ఆశ్రయమున నుండిన రామామాత్యుడు 1550 లో స్వరమేళకళానిధి యను గ్రంథమును వ్రాసి, వీణపై ఏ మెట్టు ఎక్కడ నుండవలెనో వివరించెను. ఒక్క రాగమునకు సరిపడ మెట్లు నిలిపిన వీణలును, అన్ని రాగములకు సరిపడ నిలిపిన వీణలును వేరువేరుగా నుండెనని ఆ గ్రంథము వలన తెలియుచున్నది. పిమ్మట తంజావూరు నేలిన నాయకరాజులలో రఘునాథనాయకుని కాలమున, అనగా పదునేడవ శతాబ్దపు తొలి దినములలో, స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు గల వీణ స్థిరపడెనని చెప్పుదురు. ఆ రాజు తెలుగు కవి. ఆయన కొలువు తెలుగు కొలువు. నేడు మనము తంజావూరు వీణ యనునది ఆ రూపమే. నాలుగు తీగలు మెట్లపైన, మూడు తాళపు తీగలు ప్రక్కన. సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అని ఆ నాలుగింటికి పేర్లు.

రాజుల కొలువులతోనే ఈ కథ ముగిసినట్లు తలచరాదు. తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లా యందు దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరను మీటుచు వీరగాథలు పాడిన సంగతి, ఆయనకు 2022 లో పద్మశ్రీ పురస్కారము లభించిన సంగతి మీలో చాలమంది ఎరుగుదురు. ఆ కిన్నెరను చూచినారా? వెదురుబొంగు దండి. దాని క్రింద ఎండిన సొరకాయ బుర్రలు. పైన మెట్లు, వానిని పట్టి యుంచునది మైనము. బజారులో కొనునది కాదు, ఇంటిలో చేసికొనునది. మెట్టు అను మాట ఒకటే, మైనము ఒకటే, బుర్ర ఒకటే. రాజుగారి కొలువులోని వీణయు, గ్రామము గ్రామము తిరుగు గాయకుని భుజము మీది కిన్నెరయు ఒకే తల్లి బిడ్డలని ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వడ్రంగి ఎవడైనను చెప్పును. పనస మ్రాను కొని వీణ తొలుచుట మనవంటి వారికి సాధ్యము కాదు. కిన్నెర వంటి దానిని చేసికొనుట సాధ్యము. నేను మీకు చెప్పబోవు పనికి గురువు ఆ కిన్నెరయే.

అంతకు ముందు బొబ్బిలి మాట చెప్పవలెను. విజయనగరము దిగి, రాయపూరు మార్గమున పోవు బండి ఎక్కినచో బొబ్బిలి వచ్చును. బొబ్బిలి యనగనే మనకు 1757 నాటి యుద్ధము జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరిని ఆనుకొనియున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబములు తరతరములుగా వీణలు చేయుచున్నవి. బొబ్బిలి ప్రభువుల ఆదరణమున ఆరంభమైన పని యిది. అక్కడ కార్ఖానా యనదగినది పెద్దగా ఏదియు లేదు.  వారి ప్రత్యేకత ఏమనగా, కుండయు దండియు తలయు వేరువేరుగా చేసి అతుకక, ఒకే మ్రాను నుండి తొలుచుట. దీనిని ఏకాండి వీణ యందురు. అతుకు లేని చోట నాదము ఆగదని వారి నమ్మకము. కొయ్య వ్యాపారిగా నాకును ఆ మాట సబబుగానే తోచును, కాని బాగుగా అతికిన తంజావూరు వీణను చులకన చేయుటకు నేను సిద్ధముగా లేను. తంజావూరు వీణకు 2013 లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొబ్బిలి వీణకును ఆ గుర్తింపు కలదు. అయినను గొల్లపల్లిలో నేడు పెద్ద వీణల కన్న, సభలలో అతిథులకు బహూకరించు చిన్న బొమ్మ వీణలకే గిరాకి ఎక్కువ. బొమ్మ వీణ అమ్ముట తప్పు కాదు. దాని వలన ఇల్లు గడచును. కాని బొమ్మ వీణకు మేళము కట్టనక్కరలేదు గదా! ఆ పని చేయని చేయి కొంతకాలమునకు ఆ పనిని మరచును.

పనసయే ఎందుకు అని అడుగవచ్చును. పనస చేవ పసుపుపచ్చగా నుండి కాలక్రమమున ముదురు గోధుమ వన్నెకు తిరుగును. పరిమాణమునకు తేలిక, చెద సులభముగా పట్టదు, తొలుచునప్పుడు ఉలికి లొంగును, ఎండిన తరువాత అంతగా వంగదు. టేకు గట్టిది, కాని వీణకు బరువు. తంజావూరు వారికి పణ్రుటి ప్రాంతపు పనస ప్రసిద్ధము. ముదురు చెట్టు కావలెను. లేత చెట్టు పనికిరాదు. చిక్కు ఇక్కడనే వచ్చినది. పండునకు వెల పెరిగిన కొలది రైతు చెట్టు కొట్టడు. కేరళ ప్రభుత్వము 2018 లో పనసను రాష్ట్ర ఫలముగా ప్రకటించినది. చిప్సులనియు, పొడియనియు దానికి క్రొత్త బేరములు పుట్టినవి. రైతు మేలు కోరువాడు దీనికి సంతోషింపవలసినదే. వీణ చేయువానికి మాత్రము మంచి మ్రాను దొరకుట కష్టమైనది. అటకమీది పాత వీణలోని పనస నేడు దొరకు పనస కన్న ముదురుదని చెప్పుటకు నేను సంకోచింపను. దానిని హోటలు వాకిట అలంకారమునకు అమ్ముకొనుట ఎంత నష్టపు బేరమో వర్తకుడనై చెప్పుచున్నాను.

ఇక పనిలోనికి వత్తము. నేను చెప్పునది రెండు తీగల చిన్న వాద్యము. దానికి వీణ యని పేరు పెట్టి పెద్దలను నవ్వింపనక్కరలేదు. మెట్ల కోల యనుడు చాలును. మూడడుగుల పొడవు, రెండంగుళముల వెడల్పు గల, బాగుగ ఎండిన తిన్నని కొయ్య యొకటి కావలెను. పనస తుండు దొరకిన మేలు, లేనిచో వెదురు చాలును. తీగ మీదనే పాదు మీదనే ఎండిన గుండ్రని సొరకాయ యొకటి కావలెను. చేదు సొర అయిన పెంకు మందముగా నుండును. దాని మూతి కోసి, గింజలు తీసి, లోపల గీకి, పలుచని పలకను మూతగా వడ్రంగి జిగురుతో అతికి, కోలకు బిగింపవలెను. ఆ పలకపై గుర్రము నిలుచును. తీగల నెత్తి పట్టు చిన్న వంతెనను మనవారు గుర్రమందురు. మన వడ్రంగులు అరవములో దానినే కుదిరై యందురు. పేరు రెండు భాషలలోను గుర్రమే! మెట్టును బిరడయు ఇరువురి నోట ఇంచుమించు ఒకే మాటలు. ఈ పనిలో మనకును వారికిని తగవు లేదు, ఎన్నడును లేకుండెను.

కోలకు పై కొనను మేరువు, క్రింద గుర్రము. ఈ రెండింటి నడుమ తీగ సరిగా 24 అంగుళములుండునట్లు చూచుకొనుడు. ఈ సంఖ్యను ఊరక చెప్పలేదు. చిన్న పిల్లవాడు కూడ లెక్క వేయుటకు వీలుగా నుండును. తీగను తెరచి మీటిన షడ్జము. గుర్రము నుండి కొలిచినప్పుడు సరిగా సగమున, 12 అంగుళముల యొద్ద, పై షడ్జము పలుకును. మూడింట రెండు వంతుల యొద్ద, అనగా 16 అంగుళములకు, పంచమము. నాలుగింట మూడు వంతులకు, 18 యొద్ద, శుద్ధ మధ్యమము. ఐదింట నాలుగు వంతులకు, 19.2 యొద్ద, అంతర గాంధారము. 20 యొద్ద సాధారణ గాంధారము. శుద్ధ రిషభము 22.5, చతుశ్శ్రుతి రిషభము 21.33. శుద్ధ ధైవతము 15, చతుశ్శ్రుతి ధైవతము 14.4, కాకలి నిషాదము 12.8. ప్రతి మధ్యమమును, కైశికి నిషాదమును నేను చెప్పను. చెవితో వెదకి పట్టుకొనుడు. సంగీతము రాని నాకు లెక్క చూచినప్పుడు కలిగిన ఆశ్చర్యము మీకును కలుగవలెను. ఇంటిలో పాడుకొను సరిగమలు అడుగుబద్ద మీద ఇంత చక్కగా కూర్చుండునని పాఠశాలలో నాకెవ్వరును చెప్పలేదు.

అయితే అడుగుబద్దను నమ్మి మెట్లు శాశ్వతముగా బిగించినచో పని చెడును. వ్రేలితో తీగను నొక్కినప్పుడు తీగ బిగువు కొంచెము పెరుగును; స్వరము కొంచెము ఎక్కును. మెట్టు ఎత్తు ఎంత ఎక్కువైన అంత ఎక్కును. కావున ప్రతి మెట్టును లెక్క చెప్పిన చోటికి రవ్వంత మేరువు వైపునకు జరుపవలసి వచ్చును. ఎంత జరుపవలెనో ఏ పుస్తకమును చెప్పజాలదు. మీ తీగ వేరు, నా తీగ వేరు. ఐరోపాలో లూటు యను వాద్యమునకు మెట్లు నిలుపుటకై, గెలీలియో తండ్రియగు విన్సెంజో గెలీలీ 1581 లో ప్రకటించిన గ్రంథమున ఒక సులభమైన సూత్రము చెప్పెను: మిగిలిన తీగ పొడవులో పదునెనిమిదవ వంతు విడిచి ఒక మెట్టు, దాని తరువాత మిగిలినదానిలో మరల పదునెనిమిదవ వంతు విడిచి ఇంకొక మెట్టు. మన 24 అంగుళములకు ఈ లెక్క వేసితిని. పండ్రెండవ మెట్టు సరిగా సగమున పడక, ఇంచుమించు అంగుళములో పండ్రెండవ వంతు మేరువు వైపు నిలుచును. లెక్కలో కనబడు ఆ కొరత వ్రేలి ఒత్తిడితో సరిపోవును. పనివాండ్రు ఆ సూత్రమును తరతరములు విడువకుండుటకు అదియు ఒక కారణము కావచ్చును.

నేడు చేతి ఫోనులోనే శ్రుతి చూపు సాధనములు కలవు. అందులో ముల్లు నడుమకు వచ్చువరకు మెట్టును జరిపినచో చాలదా యని మా అబ్బాయి యడిగెను. చాలదు. ఆ సాధనములు సామాన్యముగా పియానో వలె స్థాయిని పండ్రెండు సమభాగములు చేసి చూపును. ఆ ప్రకారము అంతర గాంధారము గుర్రము నుండి 19.05 అంగుళముల యొద్ద పడును. చెవి కోరునది 19.2. తేడా ఇంచుమించు అంగుళములో ఏడవ వంతు. తంబురా ఎదుట కూర్చుండి వినినవాడు ఈ తేడాను సులభముగా పట్టుకొనగలడు. మైనములో మెట్టు నిలుపుటలో మేలిదియే. మీకు ఏ గాంధారము కావలెనో అది మీ చేతిలో నున్నది. గాడి కోసి దిగగొట్టిన మెట్టు ఎవరో ఎక్కడనో చేసిన నిర్ణయము. మైనపు మెట్టు మన యింటిలో మన చెవి చేసిన నిర్ణయము; తప్పనిపించిన రేపు మార్చుకొనవచ్చును. మైనము వీణకు లోపము కాదని నేను మొదట అన్న మాటకు కారణమిది.

మైనమును నేరుగా మంటపై కాచకుడు, అంటుకొనును. పెద్ద గిన్నెలో నీరు మరిగించి, దానిలో చిన్న గిన్నె దింపి అందులో కరగింపవలెను. గుగ్గిలము పొడి కొంచెము కొంచెముగా చేర్చి, తరువాత మెత్తగా జల్లించిన బొగ్గుపొడి కలిపిన నల్లని ముద్ద యగును. చల్లారునప్పుడు తడిచేతితో త్రాడువలె సాగదీసి కోల రెండంచుల మీదను పరువవలెను. నడుమ పల్లముండవలెను, ఆ పల్లమున్నందుననే వ్రేలు తీగను ప్రక్కకు లాగి గమకము పలికింపగలదు. ఒకే మెట్టుపై నుండి తీగను లాగి మూడు నాలుగు స్వరములు పలికించు వాద్యము మనది. ఇత్తడి కమ్ములను సమముగా కోసి, అంచులు ఉప్పుకాగితముతో రుద్ది, కొంచెము వేడిచేసి గట్లపై నిలిపిన మైనము పట్టుకొనును. తీగ బిగించునప్పుడు ముఖము దూరముగా నుంచుకొనుడు. తెగిన ఉక్కుతీగ కంటికి ప్రమాదము. పిల్లలచే చేయించునప్పుడు ఈ రెండు చోట్ల, మైనము కరగునప్పుడును తీగ బిగియునప్పుడును, పెద్దలు దగ్గర నుండవలెను. తక్కిన పనిలో వారి చేతులనుండి ఉలి లాగుకొనకుడు. ముఖ్యముగా అమ్మాయిల చేతులనుండి. మన యిండ్లలో వీణ వాయించినది ఎక్కువగా స్త్రీలే. వీణకు బిరడ తిప్పవలసి వచ్చినప్పుడు మాత్రము మగవానిని పిలుచుట ఏమి ఆచారమో నాకు బోధపడదు.

గుర్రము సంగతి మాత్రము వేరుగా చెప్పవలెను. వీణ గుర్రముపై ఇత్తడి రేకు బల్లపరుపుగా నున్నట్లు కనబడును గాని నిజముగా కొంచెము గుండ్రన. తీగ కంపించునప్పుడు ఆ వంపును తాకుచు విడుచుచు నుండును. వీణ నాదములోని ఆ మెరుపు దాని వలననే. విశాఖపట్నమున పెరిగి, మన ఊరి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సర్ సి. వి. రామన్ 1921 లో వీణను, తంబురాను పరిశోధించి, తీగలను గూర్చి ఐరోపా శాస్త్రజ్ఞులు చెప్పిన నియమమొకటి వీనికి వర్తింపదని చూపెను. తీగను ఒక చోట మీటిన కొన్ని ఉపస్వరములు పలుకరాదని ఆ నియమము. వీణలో అవి పలుకుచున్నవి. గుర్రపు వంపే దానికి కారణమని ఆయన వివరించెను. ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది 1930 లో, వెలుగును గూర్చిన పరిశోధనకు. ఆ వంపును ఆకురాయితో సరిచేయుట మేళము కట్టుట కన్నను కష్టము. మొదటి వాద్యమునకు ఎముక ముక్కయో, గట్టి కొయ్య ముక్కయో పెట్టుకొని తృప్తిపడుడు. ఇంటిలోని పాత వీణ గుర్రమును మాత్రము ఎవ్వరును ఆకురాయితో ముట్టకుడు. అది పనివాడే చేయవలెను.

ఇంత శ్రమ ఎందుకు, ఫైబరు బుర్రలును, మైనము లేక మరచీలలతో మెట్లు సవరించుకొను విద్యుత్ వీణలును వచ్చినవి గదా యని అడుగువారున్నారు. వానిని నేను నిందింపను. విమానములో తీసికొని పోవలసిన విద్వాంసులకు అవి అవసరము. వీణ ఎడమ తొడపై ఆనుకొను బుర్ర ఫైబరైనను నాదమునకు వచ్చు లోటు లేదు. పూర్వము తంజావూరు వీణలకు ఏనుగు దంతపు నగిషీ యుండెడిది; వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో వచ్చి, తరువాతి సవరణలతో దంతపు వ్యాపారము నిలిచిన పిదప, ఆ స్థానమున ప్లాస్టికు వచ్చినది. అందువలన ఏ రాగమును చెడలేదు. మార్పును చూచి బెదరవలసిన పని లేదు. కాని ఆ క్రొత్త వీణ కొనువాడు కూడ ఏ మెట్టు ఎక్కడ నుండవలెనో ఎరుగనిచో, మరచీల ఉండియు ఏమి లాభము?

ఇంకొక సంగతి. మన పిల్లలలో చాలమంది త్యాగరాజస్వామి కృతులు చక్కగా పాడుచున్నారు; తెలుగక్షరములు చదువలేరు. దానిని గూర్చి ఈ వేదిక మీద అనేకులు అనేక పర్యాయములు మాటలాడిరి. నేను మరల ఎత్తుకొనను. మా అడితికి సెలవు దినములలో వచ్చు మనవారి పిల్లలిద్దరు ఈ మెట్ల కోలను చేసిరి. ఆ మూడు వారములలో చేవ, చిత్రిక, ఉలి, బాడిస, బిరడ, మేరువు, సొరబుర్ర అను మాటలు వారి నోట పడినవి. ఎవరును వల్లె వేయింపలేదు. వస్తువు చేతిలో నున్నది గనుక దాని పేరు నోటికి వచ్చినది. వారు చేసిన కోల అందముగా లేదు. పంచమము బాగుగా పలుకుచున్నది. గాంధారమును గూర్చి ఇరువురకును ఇంకను తగవు తీరలేదు.

ఈ ఊరిలో జార్జిటౌనునందు వీణ ధనమ్మాళ్ శుక్రవారము సాయంకాలములందు తమ యింటిలోనే వాయించెడివారు. ఆమె 1938 లో గతించిరి. ద్రాక్షారామమున పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు ఈ ఊరి జెమినీ స్టూడియోలో పనిచేసిరి. ఆయన శిష్యులు, కాకినాడ వారు, చిట్టిబాబుగారు 1996 లో స్వర్గస్థులగువరకు ఇక్కడనే నివసించిరి. వారి వంటివారు మన యిండ్లలో పుట్టుదురని నేను వాగ్దానము చేయలేను. వారి వాద్యములకు కూడ ఎవరో మైనము కాచి, చెవి యొగ్గి, మెట్లు నిలిపియుందురు గదా. వారి పేర్లు మనకు తెలియవు. ఆ రెండవ జాతి మనుష్యులు నలుగురైదుగురు మనలో ఉండవలెనని నా కోరిక.

నేను చెప్పిన ఆ ఫ్లాటువారి వీణ ఏమైనదని కొందరు ఇందాక అడిగిరి. చీలికను అతికించితిమి. బిరడలు క్రొత్తవి చెక్కించితిమి. మేళము ఇంకను కట్టలేదు. తంజావూరు నుండి వచ్చు పనివారు ఈ ఊరికి ఎప్పుడో గాని రారు. వారు వచ్చువరకు అది మా అడితి గదిలో నీడన నున్నది. వారు వచ్చినప్పుడు ఆ పనిని సంఘ భవనమునందే అందరి ఎదుట చేయింపవలెనని కార్యవర్గమును కోరితిని, అంగీకరించిరి. తేదీ తెలిసినంతనే మన పత్రికలో ప్రకటింతురు. ఇంటిలో వీణ గలవారు దానిని చుట్టుకొని తెచ్చినచో, ఏది బాగుచేయదగినదో, ఏది కాదో ఆనాడే చూపి చెప్పింతుము. వెల కట్టుటకు కాదు, చూచుటకు మాత్రమే.

మెట్ల కోల చేయదలచిన పిల్లలకు పనస తుండ్లు మా అడితిలో ఊరకనే ఇత్తును. రెండంగుళముల వెడల్పున కోసి పెట్టించితిని. ఇప్పటికి ఇరువదింటికి సరిపడ నున్నవి. తేనెమైనమును, ఇత్తడి కమ్ములను ఎవరివి వారు తెచ్చుకొనవలెను. సొరకాయలు మాత్రము ఇప్పుడే పాదు పెట్టినవారికి వచ్చు వేసవికి గాని ఎండవు; అంతవరకు కొబ్బరిచిప్ప పెద్దది చూచి వాడుకొనవచ్చును, నాదము కొంచెము తగ్గును. ఆదివారము అడితి మూసియుండును. శనివారము సాయంకాలము ఐదు గంటలలోపల వచ్చినచో నేనే యుండి కొయ్య యెన్నుకొనుట చూపెదను.